దజ్లాలో కలిసిన కితాబులు, కువైట్ పెట్టెలో కామిక్కులు

2009లో మా చిన్న ఖాలా కువైట్ నుంచి సెలవు మీద ఇంటికొచ్చింది. రెండేళ్ల తర్వాత రావడం. కోనసీమలో కువైట్ పెట్టె గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అమలాపురం, రాజోలు, మలికిపురం, ముమ్మిడివరం, ఏ వైపు వెళ్లినా ఖద్దామా వీసా మీద నిలబడ్డ ఇళ్లు కనిపిస్తాయి. మనవీ ఉన్నాయి, హిందువులవీ క్రైస్తవులవీ ఉన్నాయి. పెట్టె ప్లాస్టర్ కోస్తే పాలపొడి డబ్బాలు, టాంగు, అత్తరు సీసాలు, ఖజూర్, పులి బొమ్మ దుప్పటి. అన్నిటికీ అడుగున ఆసారి ఆరు పల్చటి పుస్తకాలు వచ్చాయి. నిగనిగలాడే కాగితం, పేజీ నిండా రంగుల బొమ్మలు, మాటల బుడగల్లో అరబీ. ఖాలా పనిచేసే ఇంట్లో పిల్లాడు చదివేసి పక్కన పడేశాడట. “మా ఆపా మనవడికి ఇచ్చుకుంటాను” అని అడిగి తెచ్చింది.

ఆ మనవడు మా అక్క కొడుకు. అప్పటికి పదేళ్లు, ఇంగ్లీషు మీడియం. పుస్తకం తీసుకుని అలవాటు ప్రకారం ఎడమ వైపు అట్ట తెరిచాడు. కాసేపటికి నా దగ్గరికొచ్చి, “మామూ, వీళ్లేంటి ముందు కొట్టుకుని తర్వాత పేర్లు చెప్పుకుంటున్నారు?” అన్నాడు. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని. పుస్తకం తిరగేసి వాడి చేతిలో పెట్టాను. కథ సరిగ్గా నడవడం మొదలుపెట్టింది.

సరిగ్గా అంటే, బొమ్మలు సరిగ్గా నడిచాయి. అక్షరాలన్నీ నేను గడగడా చదవగలను, అర్థం మాత్రం తెలీదు. నాజిరా ఖురాన్ చదివిన మనలో చాలామంది హాలతే ఇది. ఉర్దూలోకి వచ్చిన అరబీ మాటలు అక్కడక్కడా తగిలేవి. ఇల్మ్, హిక్మత్, నూర్, కితాబ్. వాటిని రేవులో మెట్లలా పట్టుకుని దిగాను. మిగతాది అమలాపురంలో గంటకింత అని తీసుకునే నెట్ సెంటర్లో కూచుని వెతుక్కున్నాను. విలేకరి ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి అది పనే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ పుస్తకాల పేరు ‘ద 99’. రాయించింది నాయిఫ్ అల్ ముతవ్వా అనే కువైటీ. వృత్తి రీత్యా సైకాలజిస్టు. న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో చిత్రహింసలు అనుభవించి బతికి బయటపడ్డవాళ్లకు వైద్యం చేశాడు. 2003లో లండన్‌లో టాక్సీలో వెళ్తుంటే చెల్లెలు, మళ్లీ పిల్లల కోసం రాయకూడదా అందట. అంతకు రెండేళ్ల ముందే సౌదీలో పోకెమాన్ మీద ఫత్వా వచ్చింది. మన పిల్లలకు ఆ బొమ్మలు వద్దంటే మరి ఏ బొమ్మలివ్వాలి అన్న సవాల్ ఆయన బుర్రలో తిరుగుతూ ఉంది. టాక్సీ దిగేలోపు అల్లాహ్ తాలా 99 పేర్లు గుర్తొచ్చాయి. 2006లో పుస్తకం బయటికొచ్చింది, అరబీలోనూ ఇంగ్లీషులోనూ. రాతపని అమెరికన్ కామిక్కుల్లో చెయ్యి తిరిగిన ఫేబియన్ నిసీజా, స్టూవర్ట్ మూర్‌లది. అందుకే బొమ్మల్లో ఆ కండలు, ఆ ఎగరడాలు అచ్చం అమెరికావే.

కిస్సా ఇదీ. 1258. మంగోలు సైన్యం బగ్దాద్ మీదికి వస్తోంది. దారుల్ హిక్మాలో కితాబులు కాపాడేవాళ్లు ఒక ద్రావకం తయారు చేశారు, రాజజలం అని. బంగారాన్ని కూడా కరిగించే ఆమ్లానికి కీమియాగర్లు పెట్టిన పేరు అది. దాన్ని 99 రాళ్లతో కలిపితే కితాబుల్లోని ఇల్మ్ అంతా ఆ రాళ్లలోకి చేరాలి. కానీ మంగోలులే ముందొచ్చేశారు. కితాబులూ ద్రావకమూ అన్నీ దజ్లా నదిలో పడ్డాయి. తప్పించుకున్న కొందరు రోజుల తరబడి, వారాల తరబడి ఆ రాళ్లను నదిలో ముంచి, నీళ్లలో కలిసిన ఇల్మ్‌ని వాటిలోకి పీల్చుకున్నారు. తర్వాత ఒక్కో దానికి 33 పూసలు చొప్పున మూడు తస్బీలు గుచ్చి, రహస్యంగా అందులూసియాకి చేర్చారు. రెండొందల ఏళ్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. 1492లో గ్రనాడా పడిపోయింది. 33 రాళ్లు కొలంబస్ ఓడల్లో కొత్త ఖండానికి వెళ్లాయి. 33 యూరప్‌లో, అరబు దేశాల్లో, ఆఫ్రికాలో చెదిరాయి. మిగతా 33 పట్టుదారి మీదుగా చైనాకి, మన దక్షిణాసియా వైపుకి వచ్చాయి. ఇన్ని వందల ఏళ్ల తర్వాత అవి దొరికినవాళ్లకు ఒక్కొక్కరికీ ఒక్కో సిఫత్. సౌదీ కుర్రాడు నవాఫ్ మందుపాతర మీద కాలేసి, రాయి ఒంట్లోకి దిగి జబ్బార్ అవుతాడు. ఎమిరేట్స్ అమ్మాయి దానా కిడ్నాపర్ల చెరలోంచి బయటపడే ప్రయత్నంలో రాయి దొరికి నూరా అవుతుంది. చక్రాల కుర్చీలోని అమెరికన్ కుర్రాడు దార్ర్. యమన్ అమ్మాయి బాతినా ముసుగులో ఉంటుంది. ముగ్గురేసి కలిసి పనిచేస్తారు. ఆడా మగా ఇద్దరే ఉంటే మూడోవాడు షైతాన్ అన్న మాట మన ఇళ్లలో అందరికీ తెలిసిందే కదా, ఆ చిక్కు రాకుండా పెట్టిన లెక్క. నాకు నవ్వొచ్చింది, ముచ్చటేసింది కూడా.

మా వాడు 33 రాళ్లు ఇటువైపొచ్చాయన్న సంగతి పట్టుకున్నాడు. వారం రోజులు ఇంటి వెనక పంట కాలవలో దిగి గులకరాళ్లు ఏరుకొచ్చాడు. తిట్లు నాకు పడ్డాయి.

నన్ను పట్టుకున్నది రాళ్లు కాదు, నది. దానికి కారణం 1986. ఆ ఏడు ఆగస్టు వరద కోనసీమలో ఆ వయసువాళ్లెవరూ మర్చిపోలేరు. కొత్తపేట వైపున్న మా దాదా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఆయన రేకు పెట్టె మునిగింది. నీళ్లు తీశాక అరుగు మీద పెట్టె బోర్లించారు. అచ్చు పుస్తకాలు ఉబ్బి, మట్టి పట్టి, అట్టలు ఊడి ఉన్నాయి. కానీ అక్షరం మాత్రం అక్షరంగానే ఉంది. దాదా చేత్తో రాసుకున్న బయాజ్, ఆయనకొచ్చిన ఉత్తరాలు మాత్రం నీలి మరకలైపోయాయి. అచ్చు సిరాలో నూనె ఉంటుంది, నీళ్లకు కరగదు. చేతిరాత సిరా కరుగుతుంది. దాదా ఆ నీలి కాగితాలు ఎండలో ఆరేసి, ఒక్కొక్కటీ పట్టుకుని ఏం రాసి ఉందో జ్ఞాపకం మీద చెప్పడం నాకు కళ్ల ముందే ఉంది.

అందుకే దజ్లా నీళ్లు సిరాతో నల్లబడ్డాయన్న మాట చదివితే నాకది కవిత్వంలా అనిపించదు. అప్పటి సిరాలో ఎక్కువ భాగం దీపపు మసి, తుమ్మ జిగురు. తడిస్తే కరుగుతుంది. కానీ తారీఖ్ అడిగే ప్రశ్న వేరు. అది నిజంగా జరిగిందా? కామిక్కులో ఉన్నదంతా తారీఖే అని మన వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేవాళ్లను చూశాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

1258 ఫిబ్రవరిలో హులాగూ బగ్దాద్ తీసుకున్నాడు, ఖలీఫా ముస్తాసిం‌ని చంపించాడు. ఇది నిజం. రెండు లక్షల మందికి పైగా చచ్చారని హులాగూ తానే 1262లో ఫ్రాన్స్ రాజుకు రాయించిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. గెలిచినవాడు గొప్పకు చెప్పే అంకె ఎంత నమ్మాలో మీ ఇష్టం. కానీ బైతుల్ హిక్మా అని మనం కలలు కనే ఆ సంస్థ జమానా అంతకు నాలుగు వందల ఏళ్ల ముందుది. మామూన్ ఖలీఫాగా ఉన్న 813 నుంచి 833 దాకా దాని వైభవం. ఖ్వారిజ్మీ అక్కడివాడు. గ్రీకు వైద్యాన్ని అరబీలోకి తెచ్చిన హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్ అదే బగ్దాద్ మనిషి, క్రైస్తవుడు. తమంతట తాము ఆడే బొమ్మలు, ఫౌంటెన్లు, తంత్రాల గురించి ‘కితాబుల్ హియల్’ రాసిన బనూ మూసా అన్నదమ్ములు అక్కడివాళ్లే. వీళ్ల కన్నా ముందే, మన్సూర్ ఖలీఫా కాలంలో, మన దేశం నుంచి వెళ్లిన ఒక జ్యోతిష గ్రంథం ‘సింధ్‌హింద్’ పేరుతో అరబీలోకి మారింది. సింధ్‌హింద్ అంటే మన ‘సిద్ధాంత’మే. అరబీ నోట్లో పడి అలా అయింది. 1258 నాటికి బగ్దాద్‌లో కితాబులు లేవని కాదు. ముస్తన్‌సిరియా మద్రసాతో సహా చాలా చోట్ల ఉన్నాయి. బైతుల్ హిక్మా మాత్రం అప్పటికి పాత జ్ఞాపకం.

నది నల్లబడిందన్న మాట కూడా తర్వాతి తరాల రాతల్లోనే బలపడుతుంది. కితాబులు పోయాయి, అందులో అనుమానం లేదు. అన్నీ పోలేదు. హులాగూ పక్కనే ఉన్న నసీరుద్దీన్ తూసీ 1259లో మరాగాలో నక్షత్రశాల కట్టించడం మొదలుపెట్టి, దొరికిన కితాబులెన్నో అక్కడికి చేర్చాడు. ఆయన్ని గద్దార్ అన్నవాళ్లున్నారు, హులాగూ కొలువులో చేరినందుకు. కితాబులు బతికించినవాడు అన్నవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకే మనిషి. ముస్తన్‌సిరియా కట్టడం ఇప్పటికీ బగ్దాద్‌లో నిలబడే ఉంది. 1327లో ఇబ్నె బతూతా వెళ్లేసరికి అందులో పాఠాలు నడుస్తున్నాయి. కామిక్కులో 99 రాళ్లు చేసిన పనిని అసలు తారీఖ్‌లో ఒంటెల మీద మోసుకెళ్లిన మూటలు చేశాయి. పిల్లలకు ఈ కథ కూడా చెప్పాలి అంటాను. ఇందులో హీరో మీద అనుమానం ఉంటుంది కాబట్టి నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఇక మా ఇంట్లో జరిగిన ఫసాద్.

ఆ ఆరు పుస్తకాల్లో ఒకదాని అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘జబ్బార్’ అని ఉంది. అమ్మీ అది చూసి, కళ్లకద్దుకుని, తీసుకెళ్లి తాఖ్‌లో ఖురాన్ షరీఫ్ పక్కన పెట్టింది. రెండు రోజుల తర్వాత దుమ్ము తుడుస్తూ తెరిచింది. లోపల పేజీకి సరిపోనంత కండల మనిషి గోడ బద్దలు కొడుతున్నాడు. “తౌబా, తౌబా” అంటూ చెంపలు వాయించుకుని, మళ్లీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. కింద పెట్టడానికి లేదు, పేరుంది. తాఖ్‌లో పెట్టడానికి లేదు, బొమ్మ ఉంది.

మస్జిద్ ఇమామ్ సాబ్‌ని అడిగాను. ఆయన కోప్పడే మనిషి కాదు. పుస్తకం ఓపిగ్గా చూశారు. అల్లాహ్‌కి 99 పేర్లున్నాయి, వాటిని గుర్తుంచుకున్నవాడు జన్నత్‌కి వెళ్తాడన్న హదీసు చెప్పి, “గుర్తుంచుకోమన్నారు బేటా, పంచుకోమనలేదు” అన్నారు. అబ్దుల్ జబ్బార్ అని పెట్టుకోవచ్చు, జబ్బార్ బందా అని అర్థం, ఉత్త జబ్బార్ అంటే బందాని అల్లాహ్ జాగాలో నిలబెట్టినట్టు అన్నారు. నేను వాదించాను. మన వీధిలో పొద్దున లేస్తే రహ్మాన్ గారూ, కరీమ్ తమ్ముడూ, జబ్బార్ భాయీ అనే కదా పిలుచుకుంటాం, అబ్దుల్ ఎవరు పలుకుతున్నారని. ఆయన నవ్వి, “అది మన గలతీ. గలతీ దలీల్ అవుతుందా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అల్ ముతవ్వా చెప్పే జవాబు, ఈ సిఫతులు మనుషులందరిలోనూ ఉండే గుణాలే, దయ, బలం, వినడం, దారి చూపడం, అందుకే పేర్ల ముందున్న ‘అల్’ తీసేశాను అని. కథలో ఎక్కడా ఖురాన్ ప్రస్తావన లేదు, నమాజు లేదు. నాకు ఆ జవాబు సగమే సరిపోయింది. దయ, దారి చూపడం మనుషుల్లో చూస్తే మంచిదే. కానీ దార్ర్, ముమీత్ అనే పేర్లు, నష్టం కలిగించేవాడు, మౌత్ ఇచ్చేవాడు అనేవి, ఒక కుర్రాడి చేతికీ ఒక అమ్మాయి చేతికీ ఇస్తే నాకూ లోపల కలుక్కుమంది.

ఆ రోజు వాదనలో మా మామూ ఒకరు, “అసలు ఈ సైన్సు కిస్సాలు ఇంగ్లీషోళ్ల పిచ్చి. మనవాళ్లకెందుకు?” అన్నారు. చిన్నప్పుడు ఢిల్లీ నుంచి వచ్చే ‘ఖిలౌనా’ పాత సంచికల్లో సిరాజ్ అన్వర్ ‘ఖౌఫ్‌నాక్ జజీరా’, ‘కాలీ దునియా’, ‘నీలీ దునియా’ ఒకరి తర్వాత ఒకరం లాక్కుని చదివినవాళ్లం. అందులో ఈయనా ఉన్నారు. గుర్తు చేస్తే “అది వేరు” అన్నారు.

వేరు కాదు. ఇంకా పాత సంగతొకటి ఆయనకు చెప్పలేకపోయాను, అప్పటికి నాకే తెలీదు. 1905లో భాగల్‌పూర్‌లో ఒక డిప్యూటీ మెజిస్ట్రేటు గారి బేగం, రొకేయా సఖావత్ హుసేన్, భర్త ఊరెళ్లినప్పుడు పొద్దుపోక ఇంగ్లీషులో ఒక కిస్సా రాసింది. ‘సుల్తానాస్ డ్రీమ్’. అందులో మగవాళ్లు మర్దానాలో ఉంటారు, ఆడవాళ్లు రాజ్యం నడుపుతారు. ఎండ వేడిని పోగుచేసి వంట చేస్తారు, అదే ఎండని శత్రువు మీదికి తిప్పి యుద్ధం గెలుస్తారు. గాల్లో ఎగిరే బండ్లున్నాయి. మబ్బుల్లోంచే గొట్టాలతో నీళ్లు తీసుకుంటారు, కాబట్టి ఆ దేశంలో వానలూ ఉరుములూ ఉండవు. 1986 చూసినవాడిగా నేను ఆ చోట ఆగి మళ్లీ చదివాను.

ఆ కిస్సా అచ్చేసిందెవరనుకున్నారు? మద్రాసు నుంచి వచ్చే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’. 1901లో దాన్ని మొదలుపెట్టి నడిపింది కమలా సత్యనాథన్. మన రాజమండ్రిలో పుట్టిన తెలుగు క్రైస్తవ వనిత, బందరు నోబుల్ కాలేజీలో చదివింది. హైదరాబాదు నుంచి సరోజినీ నాయుడు కూడా ఆ పత్రికకు రాసేది. అంటే పర్దాలో ఉన్న ఒక బెంగాలీ ముస్లిం ఆడమనిషి సైన్సు కలని మొట్టమొదట అచ్చులోకి తెచ్చింది గోదావరి నీళ్లు తాగిన చెయ్యి. ఈ సంగతి మా స్కూల్లో ఉర్దూలో ఎవరూ చెప్పలేదు, డిగ్రీలో తెలుగు సాహిత్యం మూడేళ్లు చదివితే అక్కడా ఎవరూ చెప్పలేదు. ఈ కిస్సాకి గోండు చిత్రకారిణి దుర్గాబాయి బొమ్మలేస్తే చెన్నైలోని తారా బుక్స్ పుస్తకం వేసింది. మా అమ్మాయికి అదే తెప్పించాను. బొమ్మల పుస్తకంగా చూస్తే ‘ద 99’ కంటే అదే నాకు నచ్చింది. అందులో ఎవరికీ కండలుండవు.

మళ్లీ కువైట్‌కి వస్తాను. 2010 ఏప్రిల్‌లో ఒబామా ఒక సభలో అల్ ముతవ్వాని మెచ్చుకున్నాడు. ఆ ఏడే సూపర్‌మాన్, బాట్‌మాన్‌లతో కలిసి ‘ద 99’ హీరోలు ఆరు సంచికల కథలో కనిపించారు. యానిమేషన్ కూడా తయారైంది. అమెరికాలో కొందరు ఇది పిల్లలకు షరియత్ ఎక్కించే కుట్ర అని గోల చేశారు, చూపిస్తామన్న టీవీ చానెల్ ఆపేసింది. ఇటు మనవైపు ఇది దీన్‌ని ఎగతాళి చేయడమన్నారు. ఒకే పుస్తకం అక్కడ మరీ ముస్లిం, ఇక్కడ అసలు ముస్లిం కాదు. మన బతుకులకు ఇది కొత్తేం కాదనుకోండి. 2013లో పుస్తకాలు ఆగిపోయాయి. 2014లో సౌదీ గ్రాండ్ ముఫ్తీ ఫత్వా వచ్చింది. అల్ ముతవ్వాకి చంపేస్తామన్న బెదిరింపులు వచ్చాయి. నాకు ఇమామ్ సాబ్ అభ్యంతరం అర్థమవుతుంది. ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని చూసి మాట్లాడారు. చంపుతామన్నవాళ్లు తెరిచి ఉంటారని నేననుకోను.

ఫత్వా వార్త అమ్మీ దాకా వచ్చింది. “ఇంట్లో ఉంచను” అంది. పాత పేపర్ల కొట్టుకు వేయడానికి లేదు, వాటి మీద పేర్లున్నాయి. ఆ పేజీలో రేపు ఎవడో బజ్జీలు చుడతాడు. కాల్చడానికి అమ్మీ మనసొప్పలేదు. మన ఇళ్లలో దీనికి ఒక పద్ధతుంది కదా. చిరిగిపోయిన ఖురాన్ ఔరాఖ్‌లు శహీద్ అయ్యాయంటాం, తెల్లగుడ్డలో కట్టి పారే నీళ్లలో వదులుతాం. ఆ ఏడు రంజాన్ ముందు మా వీధిలో నాలుగైదు ఇళ్ల ఔరాఖ్‌లు మూట కడుతుంటే, అమ్మీ కామిక్కులు కూడా అందులోనే పెట్టింది. బోడసకుర్రు వంతెన దగ్గర వైనతేయలో నేనూ అక్క కొడుకూ పడవ మీంచి మూట దించాం. అప్పటికి వాడికి పదిహేనేళ్లు. మూట కాసేపు తేలి, తడిసి, దిగిపోయింది. వాడు నీళ్ల రంగు మారుతుందేమో అని చూశాడట. మారలేదు, అచ్చు సిరా కదా.

మూటలో ఐదే ఉన్నాయి. మొదటి సంచిక, దజ్లా కథ ఉన్నది, నేను ముందే తీసి నా తెలుగు డిగ్రీ పుస్తకాల మధ్య దాచాను. అమ్మీకి చెప్పలేదు. ఆమె ఇంతికాల్ అయ్యాక కూడా దాన్ని చాలాకాలం ముట్టుకోలేదు.

పోయిన నెల మా అమ్మాయి, ఎనిమిదో తరగతి, అలమరా సర్దుతూ దాన్ని బయటికి తీసింది. ఇప్పుడు నాజిరా పూర్తి చేసింది కాబట్టి తిరగేసి ఇవ్వాల్సిన పని లేకపోయింది, కుడివైపు నుంచే తెరిచింది. ఫోను కెమెరా అరబీ బుడగ మీద పెడితే ఇంగ్లీషులో అర్థం కనిపిస్తోంది. సగం తప్పు, సగం ఒప్పు. నేను పక్కన కూచుని తూసీ గురించి చెప్తున్నాను. వినీ విననట్టు పేజీలు తిప్పుతోంది. రాళ్లు నదిలో ముంచే చోట ఆగి, “అబ్బా, దాదీకి ఈ పేజీ చూపించావా?” అంది.

లేదన్నాను.